మాస్టారి కుడికాలు

చెప్పులు బాగుచేసే ఆయనకి చాలాకాలం ఒక సందేహం ఉండేది. డ్రైవింగ్ స్కూలు మాస్టారి బూట్లలో ఎడమది చూస్తే నిన్నో మొన్నో కొన్నట్టు ఉంటుంది, కుడిదానికేమో అడుగు అరిగిపోయి చిల్లు పడి ఉంటుంది. ఎప్పుడు తెచ్చినా ఇదే వరస. "ఒంటికాలి మీద కుంటుకుంటూ వెళ్తారా ఏంటి మాస్టారూ?" అని అడిగాడు ఒకసారి. "నా నడకే అంతలే" అన్నాడు మాస్టారు. ఆ మాట నమ్మే అన్నాడు. అసలు సంగతి అప్పటికి మాస్టారికీ తెలియదు.

నేర్పే కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నడిపేవాళ్ళ కాళ్ళ దగ్గర, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాళ్ళ దగ్గర. ఆ రెండోది కొంప మునిగేటప్పుడు తొక్కడానికి పెట్టింది. మన మాస్టారికేమో కొంప ఎప్పుడూ మునుగుతూనే ఉండేది. ఎదురుగా లారీ వస్తే మునిగింది. లారీ ఆగి ఉంటే, ఎప్పుడు కదులుతుందో తెలియదు గనక, ఇంకా మునిగింది. రోడ్డు ఖాళీగా ఉంటే మరీ అనుమానం, ఇంత ఖాళీగా ఎందుకుందీ అని.

పైకి మాత్రం మహా నిదానం. గొంతు పెంచడు, విసుక్కోడు, "తొందరేం లేదమ్మా, మెల్లగా" అంటాడు. స్టీరింగు చూస్తేనే చెమటలు పట్టేవాళ్ళంతా ఏరికోరి ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. లోపల ఆయన పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడనీ, పొద్దున్నే దవడలు నొప్పితో లేస్తాడనీ వాళ్ళకెలా తెలుస్తుంది? స్కూలు కారుకి ఇన్నేళ్ళలో ఒక్క గీత పడలేదు. ఆ స్కూలు ఆయన బావగారిది, అంటే భార్యకి అన్నగారిది. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు గనక ఆఫీసులో ఎవరు ఎవర్ని పిలిచారో కొత్తవాళ్ళకి ఓ పట్టాన అర్థం కాదు. గీత పడని కారు సంగతి బావగారు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించుకున్నాడు.

ఇంట్లో ఒక అలవాటు ఉండేది. ఎవరు గడప దాటినా, వెళ్ళినచోట అడుగు పెట్టగానే ఫోన్ చేసి "చేరాను" అని చెప్పాలి. భార్యకి వీధి మలుపులోనే బట్టలు సరిచేసే కుట్టుషాపు. నాలుగంగలు వేసి వెళ్ళి "చేరానండీ" అంటుంది. కూతురు నర్సు. ఆసుపత్రి మెట్లెక్కుతూ "చేరాను నాన్నా" అంటుంది. ఫోను కాస్త ఆలస్యమైందా, మాస్టారి గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, బుర్రలో బస్సులు బోల్తా పడతాయి. ఫోను మోగుతుంది. ప్రాణం లేచొస్తుంది. లేచొచ్చిన ప్రాణం కుదురుకునే లోపలే, మరి తిరిగొచ్చేటప్పుడో, అని ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంటుంది.

ఇదంతా గుండెజబ్బే అనుకుని పరీక్షలు చేయించుకున్నాడు. అన్నీ బాగున్నాయన్నారు. ఇంకొకళ్ళయితే ఎగిరి గంతేసేవాళ్ళు. మాస్టారు "వీళ్ళకి దొరకలేదన్నమాట" అనుకుని ఇంకోచోటికి వెళ్ళాడు. అక్కడా దొరకలేదు. ఇంతమందికి చిక్కకుండా దాక్కుందంటే అదెంత పెద్ద జబ్బో అని కొత్త బెంగ పెట్టుకున్నాడు.

గుట్టు బయటపెట్టింది డాక్టర్లు కాదు, టీచరమ్మ.

టీచరమ్మ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. మాస్టారి దగ్గర నేర్చుకుని పరీక్షకి వెళ్ళింది. పరీక్షలో ఆఫీసరు వెనక సీట్లో కూర్చుంటాడు. పక్క సీట్లో మాస్టారే ఉంటాడు, ప్రమాదం వస్తే ఆపడానికి. కానీ ఆయన ఒక్కసారి తొక్కినా నడిపేవాళ్ళు తప్పినట్టే. "మీరు తొక్కారా?" అని చివర్లో ఆఫీసరు అడుగుతాడు. "లేదండి" అని మాస్టారు చెబుతాడు. వెనకనుంచి కాళ్ళు కనబడవు, మాస్టారు అబద్ధమాడే మనిషి కాడని ఊరంతా ఎరుగుదురు. అలా టీచరమ్మ పాసయింది, చిన్న కారు కొనుక్కుంది, మొదటిరోజే తన ఇంటి గేటుని గుద్దింది. మణికట్టు బెణికింది, అంతకంటే ఏం కాలేదు.

చేతికి కట్టుతో సరాసరి స్కూలుకి వచ్చింది. కోపంగా కాదు, ఒక వివరం కనుక్కుందామని.

"మాస్టారూ, మీ కారు ఏ కంపెనీదండీ? నాది లాభం లేదు. గేటు కనబడింది, ఆగుతుంది కదా అని చూశాను. ఆగలేదు."

"మీరు బ్రేకు తొక్కారా అమ్మా?"

"నేను తొక్కేదేముంది? మీ కారు అదే ఆగేది కదా! గేర్లు దానంతటదే మార్చుకునే బండి, బ్రేకూ అదే వేసుకుంటుందనుకున్నాను. నా కాలు వెళ్ళేసరికే ఆ పెడలు కిందికి దిగి ఉండేది. మెకానిక్కి చూపిస్తే బ్రేకు బ్రహ్మాండంగా ఉందంటాడు. వాడికేం తెలీదు."

బావగారు టీచరమ్మ మొహం చూశాడు, మాస్టారి మొహం చూశాడు, తర్వాత మాస్టారి బూట్లు చూశాడు. ఆమెకి టీ తెప్పించి, గేటు తనే బాగుచేయిస్తానని ఒప్పుకుని, మళ్ళీ మొదటినుంచి నేర్పిస్తానని మాటిచ్చి పంపాడు. ఆ వెంటనే ఎలక్ట్రీషియన్ని పిలిపించి పక్క సీటు బ్రేకుకి గంట పెట్టించాడు. ఇళ్ళకి పెట్టుకునే మామూలు కాలింగ్ బెల్లే. తొక్కితే ట్రింగుమంటుంది.

"పద బావా, నేను నడుపుతాను" అన్నాడు బావగారు.

"నడుపు బావా, నాకేం భయం? నేను తొక్కనే తొక్కను" అంటుండగానే గంట మోగింది. "వైరు లూజు" అన్నాడు మాస్టారు. మళ్ళీ మోగింది. "లూజే బావా, కావాలంటే చూడు, నా కాలు ఇక్కడ..." అని కిందికి చూసుకున్నాడు. కాలు పెడలు మీద ఉంది.

ముందు సిగ్గేసింది. తర్వాత భయం పట్టుకుంది, ఇదివరకటి భయాలన్నీ దీని ముందు బలాదూర్. తన కాలు తనతో చెప్పకుండా ఇన్నేళ్ళూ ఈ పని చేస్తోంది. మరి తను పాస్ చేయించిన వాళ్ళంతా ఇప్పుడు ఏ రోడ్ల మీద, ఏ గేట్ల వైపు, కారు అదే ఆగుతుందని చూస్తూ వెళ్తున్నారో! ఇంటికి వెళ్ళకుండా ఆఫీసులోనే కూర్చుని పాత విద్యార్థులందరికీ ఫోన్లు మొదలెట్టాడు. "నేనండీ, మాస్టార్ని. బ్రేకు మీరే తొక్కుతున్నారు కదా?" అవతలివాళ్ళు తెల్లబోయారు. ఒకాయన "నేను కాకపోతే మా ఆవిడ తొక్కుతుందా మాస్టారూ?" అని పెట్టేశాడు. ఆ జవాబుతో శాంతించాలా? లేదు. అలా అన్నాడంటే ఏదో దాస్తున్నాడని మళ్ళీ చేశాడు.

బావగారు ఫోను లాక్కుని, "కొన్నాళ్ళు కారెక్కకు బావా, ఆఫీసులోనే ఉండు" అన్నాడు. ఆఫీసులో మాస్టారు కుర్చీలో కూర్చోలేడు, నిలబడలేడు. స్కూలు కారు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే తచ్చాడేవాడు. అన్నం సయించడం మానేసింది.

ఈ గొడవలో అసలు చిక్కు కూతురిది. ఆసుపత్రి వాళ్ళు కొత్తగా ఒక పని మొదలుపెట్టారు. మంచం మీదనుంచి లేవలేని వాళ్ళ ఇళ్ళకి నర్సు వెళ్ళి చూడాలి, కారు ఆసుపత్రిదే, నడుపుకోవడం మాత్రం నర్సే. ఆ ఉద్యోగం మీద ఆ పిల్ల ప్రాణం పెట్టుకుంది. ఈ విడత పరీక్షలో లైసెన్సు రాకపోతే అది వేరే అమ్మాయికి పోతుంది. నేర్చుకున్నది నాన్న దగ్గరే. బాగా వచ్చిందనే అనుకుంది, టీచరమ్మ వచ్చి వెళ్ళేదాకా.

"నాకు ఆపడం వచ్చో రాదో నాకే తెలీదు నాన్నా" అంది ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి. "ఇంకో సంగతి చెప్తాను, తిట్టకు. రోడ్డు మీద ఏదైనా అడ్డొస్తే నేను ముందు రోడ్డు చూడను, నీ మొహం చూస్తాను. భయపడాలో వద్దో నీ మొహంలో చూసుకుంటాను. వార్డులోనూ అంతే అయింది. మందు ఇచ్చి వచ్చేస్తాను, సరిగ్గానే ఇచ్చానని తెలుసు, అయినా మళ్ళీ వెళ్ళి చూస్తాను, మళ్ళీ చూస్తాను. ఇది నాకూ వచ్చేస్తోంది నాన్నా."

మాస్టారు ఎన్ని ప్రమాదాలు ఊహించాడో ఆ పిల్లకి, ఈ ఒక్కటీ ఊహించలేదు.

"నువ్వు డాక్టరు దగ్గరికి వస్తేనే నేను పరీక్షకి వెళ్తాను" అంది కూతురు.

"నాకేం పిచ్చా?"

"పిచ్చని ఎవరన్నారు? భయం. ఎప్పుడూ తగ్గని భయం. దానికి మందుంటుంది, నేర్పేవాళ్ళూ ఉంటారు. నీలాగే."

వెళ్ళాడు. డాక్టరమ్మ చిన్న గదిలో, తలుపు పక్కన కుండీలో మొక్క పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ కుండీ తలుపుకి తగులుతుందేమోనని మాస్టారు ముందు దాన్ని పక్కకి జరిపి, అప్పుడు కూర్చున్నాడు. ఆవిడ అదంతా చూసి, అడగడం మొదలుపెట్టింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"లేనిదెప్పుడమ్మా? మా అమ్మా అంతే. మేం బడినుంచి వచ్చేదాకా కిటికీ ఊచలు వదిలేది కాదు."

కొంత పుట్టుకతో వస్తుంది, కొంత పెద్దవాళ్ళని చూసి నేర్చుకుంటాం, ఎవరి తప్పూ కాదని చెప్పిందావిడ. గుండెదడా, దవడనొప్పీ, నిద్ర పట్టకపోవడం అన్నీ దీనివేనంది. ఆయన ఇదివరకు చేయించుకున్న పరీక్షల కాగితాలన్నీ చూసి, "గుండె బాగుంది, నమ్మండి" అంది. తర్వాత అడిగింది, "మీరు బ్రేకు తొక్కకపోతే ఏమవుతుందో ఎప్పుడైనా చూశారా?"

"చూడాలంటే బతికుండాలి కదమ్మా."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. "తొక్కారు, ఏం కాలేదు. తొక్కాను గనకే ఏం కాలేదు అనుకుంటుంది మీ మనసు. ఇంకోసారి ఇంకా ముందే తొక్కమంటుంది. తొక్కకపోయినా చాలాసార్లు ఏం కాదని దానికి తెలిసే అవకాశమే మీరివ్వలేదు. టీచరమ్మగారికి ఇవ్వనట్టే. ఇంట్లో ఆ 'చేరాను' ఫోను ఉందే, అదీ బ్రేకే."

మాస్టారు తలదించుకుని బూట్లు చూసుకున్నాడు.

ఒక చిన్న మాత్ర రాసింది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మొదట్లో వికారంగానూ ఇంకాస్త గాభరాగానూ ఉండొచ్చనీ, సొంతంగా మానేయొద్దనీ చెప్పింది. వారం వారం వచ్చి మాట్లాడమంది. మాస్టారు ఇంటికొచ్చి, మాత్రల డబ్బాలో మడతపెట్టి ఉన్న కాగితం విప్పి, దానివల్ల రాగల ఇబ్బందులన్నీ చదివాడు. చీకటి పడేలోపల అవన్నీ ఆయనకి వచ్చేశాయి, మాత్ర ఇంకా వేసుకోనేలేదు. భార్య ఆ కాగితాన్ని కుట్టు కత్తెరతో ముక్కలు ముక్కలు చేసి చెత్తబుట్టలో పారేసింది.

"చేరాను" మానేయడం మాస్టారికంటే ఆవిడకే కష్టమైంది. "షాపుకెళ్ళి ఏదో మర్చిపోయినట్టు ఉంటోందండీ. చెప్పకపోతే చేరినట్టే లేదు" అని వాపోయింది. మాస్టారు ఇంట్లో ఫోను ముందు కూర్చుని, అది మోగకుండా ఉండటాన్ని చూస్తూ, కాళ్ళు ఊపుతూ, లేచి నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చునేవాడు. దడ పెరిగేది, ఇంకా పెరిగేది, ఇక చచ్చిపోతాననిపించేది, తర్వాత ఎందుకో తగ్గేది. ఫోను రాకుండానే తగ్గింది! ఈ వింత మొదటిసారి జరిగినప్పుడు ఆయనకి నమ్మకం కుదరక భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. చేసినందుకు డాక్టరమ్మ దగ్గర మొట్టికాయ పడింది.

బావగారిని ఒప్పించి, కూతురితో మళ్ళీ కారెక్కాడు. గంట ఒకటే మోత. సందులోంచి కుక్క తొంగిచూస్తే ట్రింగు, గొడుగు వేసుకున్న మనిషి ఫుట్‌పాత్ మీద తుమ్మితే ట్రింగు. పళ్ళు అమ్మే ఆవిడ ఆ చప్పుడు వినగానే "మాస్టారొస్తున్నారు, తప్పుకోండి" అనేది. ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. బూట్లు విప్పేసి, సీట్లో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఆ రోజు గంట మోగలేదు. గర్వంగా వెళ్ళి డాక్టరమ్మకి చెబితే ఆవిడ ఒప్పుకోలేదు.

"కాలు కట్టేసుకుంటే నేర్చుకున్నట్టు కాదు. కాలు అక్కడే ఉండాలి. నిజంగా అవసరమైతే తొక్కాలి కూడా. అందుకే కదా మీరు పక్కన కూర్చునేది."

"అవసరమో కాదో ఎలా తెలుస్తుందమ్మా?"

"భయం రాగానే తొక్కకండి. రానివ్వండి, కాస్త ఉండనివ్వండి. దాన్ని అలా ఉండనిచ్చి రోడ్డు చూడండి. మీకు రోడ్డు చదవడం వచ్చు."

వారాలు గడిచాయి. మాత్ర పనిచేయడం మొదలుపెట్టిందో, మాటలు పనిచేశాయో, దవడనొప్పి తగ్గింది. గంట మోత పలచబడింది. భయం పోలేదు. అది వెనక సీట్లో కూర్చుని సతాయిస్తూనే ఉండేది, ఈయన మాత్రం దాని మాట ప్రతిదీ వినడం తగ్గించాడు. పరీక్ష దగ్గరపడిన రోజుల్లో ఒక సైకిలు అడ్డంగా దూసుకొచ్చింది. మాస్టారు గట్టిగా తొక్కాడు, గంట మోగింది, కారు ఆగింది.

"మళ్ళీ మొదటికొచ్చాను" అన్నాడు ఆయన.

"లేదు నాన్నా. అది తొక్కాల్సిందే. నేను చూడలేదు."

ఆయనకి ఆ మాట ఎక్కలేదు. ఇంటికొచ్చి, పరీక్షకి తను రానన్నాడు. "మీ మామయ్యని తీసుకెళ్ళు. నావల్ల నీ ఉద్యోగం పోతే నేను తట్టుకోలేను."

"మామయ్యకి భయం లేదు, తొక్కడు. దాంతో నాకేం తెలుస్తుంది? నువ్వు పక్కనుండి, నీకు భయం వేసి కూడా నువ్వు తొక్కకపోతే, అప్పుడు నాకు నమ్మకం కుదురుతుంది" అంది కూతురు. అని, గొంతు తగ్గించి, "నువ్వు రా నాన్నా" అంది. ఎలా రానంటాడు?

పరీక్షరోజు ఆఫీసరు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. గంట సంగతి ఆయనకి బావగారు ముందే చెప్పి ఉంచాడు. కూతురు కారు తీసింది. మొదటి వీధి, మలుపు, పక్కకి పెట్టడం, అన్నీ సాఫీగా జరిగాయి. మాస్టారి కాలు పెడలు పక్కన నేల మీద ఉంది, లోపల కండరాలన్నీ పీకుతున్నాయి. చివరికి బజారు వైపు దిగే పల్లం వచ్చింది. కింద కూడలి. సగం దిగేసరికి పక్క సందులోంచి అట్టపెట్టెలు ఎత్తుగా పేర్చిన తోపుడు బండి ముక్కు బయటపెట్టింది. తోసే మనిషి పెట్టెల వెనక ఉన్నాడు, అతనికి రోడ్డు కనబడదు.

మాస్టారికి చెవులు గింగురుమన్నాయి. భయం వచ్చింది. రానివ్వు, అనుకున్నాడు. దూరం ఉంది. రోడ్డు తడి లేదు. పిల్ల చూసిందా? ఆయన తల తిప్పాడు. కూతురు ఆయన వైపు చూడటం లేదు. కళ్ళు బండి మీదే ఉన్నాయి. ఆమె చూసిందని ఆయనకి తెలిసింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన సరిగ్గా చెప్పలేడు. కారు ముందుకి తూగి ఆగింది. బండి మనిషి పెట్టెల పక్కనుంచి తొంగిచూసి, చెయ్యెత్తి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

"మాస్టారూ, మీరు తొక్కారా?" అన్నాడు వెనకనుంచి ఆఫీసరు.

ఎప్పుడూ చెప్పే "లేదండి" నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆ మాట ఎంత ధీమాగా చెప్పాడో, ఎంతమందిని ఆ మాటతో రోడ్డు మీదకి పంపాడో గుర్తొచ్చింది. కిందికి చూశాడు. కాలు నేల మీదే ఉంది. కానీ తొక్కి తీసి ఉండొచ్చు కదా? దాని సంగతి తనకి తెలియనిదా?

"తెలీదండి" అన్నాడు.

కూతురి చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. "నేనే తొక్కాను నాన్నా" అంది. "నాకు తెలుసు. నా కాలు ఇంకా దాని మీదే ఉంది."

"గంట మోగలేదుగా" అన్నాడు ఆఫీసరు.

"వైరు ఊడిందేమోనండి" అన్నాడు మాస్టారు. అబద్ధం చెప్పలేడు, నిజమని నమ్మలేడు. కూతురి ఉద్యోగం ఆ వైరుకి వేలాడుతోంది.

"అయితే తొక్కి చూడండి."

మాస్టారు కాలెత్తి పెడలు మీద పెట్టాడు. దాని మీద కాలు పెడుతున్నానని తెలిసి పెట్టడం ఆయనకి కొత్తగా ఉంది. తొక్కాడు.

గంట ట్రింగుమని మోగింది. వైరు భేషుగ్గా ఉంది. ఆగిన కారులో, అందరూ చూస్తుండగా, అది మోగుతూనే ఉంది. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తొక్కలేదు. ఆయన తొక్కకుండానే కారు ఆగింది, ఆ పిల్ల ఆపింది, ఎవరికీ ఏమీ కాలేదు. వెనక సీట్లో ఆఫీసరు చెవులు మూసుకుని, చాలు చాలన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

కూతురు మొదటిసారి ఆయన వైపు తిరిగింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని మొహంతో అంది, "నాన్నా, ఇక కాలు తీస్తే బయల్దేరతాను."